‘ఇంగ మరచిపోమ్మా’ అనే వైద్యం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు పాతబస్తీ మీద విరుచుకుపడినప్పుడు మా చిన్నమ్మ ఒక మిద్దె మీద రెండు రాత్రులు గడిపింది. పైకెక్కే ముందు, నడుము లోతు నీళ్లలో పక్కింటి అవ్వను మెట్ల మీదికి లాగుతుండగా అవ్వ చేయి జారిపోయింది. తరువాత అవ్వ ఎవరికీ కనిపించలేదు. వరద తీసింది, బురద ఎత్తిపోశారు, గోడలకు సున్నం కొట్టారు, నష్టపరిహారం లెక్కలు కూడా ముగిశాయి. చిన్నమ్మకు మాత్రం ఆ రోజు ముగియలేదు. ఆకాశం మబ్బు పట్టితే చాలు, అర్ధరాత్రి లేచి పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, బియ్యపు సంచి మిద్దె మీదికి మోసేది. తడిసిన బురద వాసన తగిలితే చేతులు వణికేవి. హంద్రీ వంతెన దాటవలసి వస్తే ఆటోవాడితో ఎంత చుట్టైనా సరే వేరే దారిలో పోనిమ్మనేది. ఆ చుట్టుకు ఎందుకు డబ్బులు పోస్తున్నావని మేము ఎనిమిదేళ్లు ఆమెను తిట్టాము.

ఆ ఎనిమిదేళ్లలో ఆమెకు దొరికిన వైద్యం ఒకే ఒక్క మాట: ‘అయిపాయ గదమ్మా, ఇంగేంటికి తలుచుకుంటావు, మరచిపో.’ చెప్పినవాళ్లంతా ప్రేమతోనే చెప్పారు, నేనూ చెప్పాను. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే. తీవ్రమైన దెబ్బ తిన్న మనసు తనంతట తానుగా చేసే పని ఆ జ్ఞాపకం నుంచి పారిపోవడమే. దారి మార్చడం, మాట మార్చడం, ఆ వీధి వైపు చూడకపోవడం ఆ పారిపోవడంలోని రకాలు. మరచిపొమ్మని చెప్పేవాడు, ఆమె అప్పటికే శక్తికి మించి చేస్తున్న పనిని ఇంకా గట్టిగా చేయమని చెబుతున్నాడు. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు ఊపిరి ఆడుతుంది కనుక, తప్పించుకున్నందువల్లనే బతికానని శరీరం నమ్ముతుంది, భయం మరో ఏడాదికి ముదురుతుంది.

మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది. మా ఇంట్లో పెళ్లి ఎప్పుడు జరిగిందో తలుచుకుంటే అది జరిగిపోయిన సంగతిగానే గుర్తుకు వస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం విపరీతంగా పనిచేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అనే వివరాలను కూర్చే హిప్పోకాంపస్ పని దెబ్బ తింటుంది. అందువల్ల ఆ జ్ఞాపకం వాసనగా, శబ్దంగా, గుండెదడగా మిగులుతుందే గాని గడిచిపోయిన కథగా కుదురుకోదు. చిన్నమ్మ 2009ని తలుచుకోవడం లేదు, మళ్లీ మళ్లీ అందులోనే నిలబడుతోంది అన్న సంగతి మాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

దీనికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో పెట్టిన పేరు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్), అంటే ఘోరం గడిచిపోయాక కూడా మనసును వదలని జబ్బు. అంతకు ముందు చాలాసార్లు దీన్ని పిరికితనం అనేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం, పారిపోయారనీ పిరికివాళ్లనీ తీర్పు చెప్పి తన సైనికులను వందల సంఖ్యలో తానే కాల్చి చంపింది. వాళ్లలో కొందరు ఫిరంగుల మోతకు మనసు చెదిరినవాళ్లు. అలా కాల్చి చంపినవాళ్లలో 306 మందికి 2006లో, చనిపోయిన ఇన్నేళ్లకు, క్షమాభిక్ష ప్రకటించారు. ఆ సైన్యం కన్నా మేమేదో మెరుగని నేను చెప్పలేను, ఎందుకంటే మా సీమలో ‘గుండె గట్టిది’ అన్న పొగడ్తకు ఉన్న విలువ మరే మాటకూ లేదు. వణికే చేతిని చూసి మేము మొదట నవ్వుతాము, తరువాత విసుక్కుంటాము.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఘోరాన్ని చూసిన ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాదు. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, ఏడుపు రావడం సహజమే, చాలామందికి అవి వాటంతట అవే తగ్గుతాయి. అవే లక్షణాలు నెల దాటి కొనసాగి, పనినీ సంసారాన్నీ పాడుచేస్తుంటే అప్పుడు వైద్యం కావాలి. మేము నెల కాదు, సంవత్సరాలు దాటనిచ్చాము. మా వీధిలోని ఒక డాక్టరు నెలల తరబడి నిద్రమాత్రలు రాశాడు. దుర్ఘటన జరిగిన మొదటి నెలలో ఇలాంటి మత్తుమాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అవి పూటకు మత్తు ఇస్తాయి, భయాన్ని తగ్గించవు, పైగా అలవాటవుతాయి. కడప పెద్ద దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాము కూడా. దాన్ని నేను వెక్కిరించను, అక్కడ కనీసం ఆమెను ఎవరూ మరచిపొమ్మనలేదు.

చివరికి 2017లో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒక సైకాలజిస్టు ఆమెను కూర్చోబెట్టి జరిగింది చెప్పమంది. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. చెప్పడమే మందైతే, వరద తరువాత పరామర్శకు వచ్చిన ప్రతి చుట్టమూ ‘ఎట్ల జరిగింది, ఎట్ల జరిగింది’ అని అడిగి, టీవీవాళ్లు మైకు పెట్టి, ఆమె చేత యాభైసార్లు చెప్పించారు గదా, అప్పుడే నయం కావాలి గదా? ఆ రెండు చెప్పడాలకూ చాలా దూరం ఉందని తరువాత అర్థమైంది. పరామర్శలో వినేవాడికి కావలసింది వార్త. ఆమె ఏడుపు మొదలు కాగానే అందరూ ‘ఊరుకో’ అనేవారు, అంటే భయం శిఖరానికి చేరిన చోటనే కథ ఆగిపోయేది. సైకాలజిస్టు అక్కడ ఆపలేదు. వారానికి ఒకసారి, గంటన్నర సేపు, ఆమె ఒప్పుకున్న మేరకే, మొదటి నుంచి చివరి దాకా చెప్పించి, భయం పెరిగి తిరిగి దిగే వరకూ పక్కనే ఉంది. మొత్తం పన్నెండు వారాలు. మధ్యలో ఇంటి పని కూడా ఇచ్చేది: మొదట వంతెన ఫోటో చూడటం, తరువాత వంతెన కనిపించే దూరంలో నిలబడటం, చివరికి పగటిపూట నాతో కలిసి దాటడం. దీనికి తోడు సెర్‌ట్రలిన్ అనే మాత్ర కొన్నాళ్లు వాడారు. అది నిద్రమాత్ర కాదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఒక క్రియాపదం మీద. చిన్నమ్మ ఎప్పుడు చెప్పినా ‘నేను అవ్వ చేయి వదిలేసినాను’ అనేది. నీళ్లు ఎంత లోతున్నాయి, నీ రెండో చేతిలో ఎవరున్నారు, అవ్వ బరువెంత, అని సైకాలజిస్టు ఓపికగా అడుగుతూ పోయింది. రెండో చేతిలో నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆమె చెప్పిన కథలో ఆ పిల్లవాడు లేనే లేడు. తొమ్మిదో వారం ఇంటికి వచ్చి, బియ్యం ఏరుతూ, ఎవరితోనూ కాదన్నట్టు, ‘చేయి జారిపాయ’ అంది. వదిలేయడానికీ జారిపోవడానికీ మధ్య ఉన్న తేడాను మా ఇంట్లో అందరికన్నా ముందు నేర్పవలసింది తెలుగు పంతులునైన నేను.

ఇదంతా మా ఇంటి గొడవే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. ఫ్యాక్షన్ ఊళ్లలో తండ్రి మీద నాటుబాంబు పడటం కళ్లారా చూసిన పిల్లలు ఇప్పుడు యాభై ఏళ్లవాళ్లు, వాళ్లలో దీపావళి రాత్రి తలుపులు వేసుకుని కూర్చునేవాళ్లు నాకు తెలుసు. సినిమాలు మా పేరు మీద తొడలు కొట్టి డబ్బు చేసుకున్నాయి గాని ఆ తలుపు వెనకకు తొంగి చూడలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట పల్లెల మీద పడింది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడింది. ప్రతిసారీ అధికారులు ఇళ్లు, పశువులు, శవాలు లెక్కపెట్టి పోతారు. ఆర్నెల్ల తరువాత తిరిగి వచ్చి, నిద్ర పడుతోందా, బస్సు ఎక్కగలుగుతున్నావా అని అడిగే మనిషి ఆ లెక్కల్లో ఎక్కడా ఉండడు. సాయానికి పరుగెత్తినవాళ్లనూ, కాలిన శవాలను దించిన సిబ్బందినీ అడగాలన్న ఆలోచనే రాదు.

వింత ఏమిటంటే, జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా అందించాలో దేశానికి చూపించింది మా పొరుగున ఉన్న బళ్ళారే. 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అక్కడ చేసిన ప్రయోగం ఆధారంగానే 1996లో జాతీయ స్థాయిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అనంతపురం నుంచి బళ్ళారికి బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు, ఆ ఆలోచన మాత్రం మా పల్లెలకు ఇంకా చేరలేదు. ఉన్నంతలో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు రేషన్ దుకాణం గోడ మీద రాయించమని మా వార్డులో అడిగి ఏడాదైంది.

చిన్నమ్మకు పూర్తిగా నయమైందా అని అడుగుతుంటారు. మొన్నటి వానకు కూడా సర్టిఫికెట్ల సంచి మిద్దె మీద పెట్టి వచ్చింది. బియ్యం మాత్రం కిందనే వదిలేసి, దీపం ఆర్పి పడుకుంది.