షేర్డ్ లీడర్‌షిప్, ఒక స్టూలు

నాయకత్వ మార్పు ఎలా జరగాలో మేనేజ్‌మెంట్ కోర్సుల వాళ్లు కాథలిక్ బడులకు వచ్చి నేర్చుకోవాలి. ఇంటర్వ్యూల్లేవు, పైరవీల్లేవు. బడి నడిపే సిస్టర్ల సంఘానికి ప్రాంతీయ పెద్ద ఒకరుంటారు, ప్రొవిన్షియల్ అంటారు. వేసవి సెలవుల్లో ఆ ప్రొవిన్షియల్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ సిస్టర్ గారికి బదిలీ ఉత్తరం వస్తుంది. విధేయత వ్రతం కాబట్టి సిస్టర్ గారు ఎందుకని అడగరు, పెట్టె సర్దుకుని బయల్దేరతారు. మన ఎమ్మెల్యేలకూ ఇలాంటి వ్రతమొకటి ఉంటే బాగుండును.

జూన్‌లో బడి తెరిచేసరికి కొత్త ప్రిన్సిపాల్ సిద్ధం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. పేదరికం వ్రతంగా పట్టినవారి దగ్గర అది వాడటం మర్యాద కాదు కాబట్టి వాడను.

సికింద్రాబాద్‌లో మా పాప చదివే కాన్వెంటులో ఈసారి పరివర్తన డైరీతో మొదలైంది. మొదటి పేజీలో విజన్, రెండో పేజీలో మిషన్, మూడో పేజీలో లేటుగా వస్తే జరిమానా. ఆ తర్వాత సైడు గేటుకు తాళం పడింది. ఆటోలన్నీ మెయిన్ గేటు మీదికొచ్చి పడ్డాయి. 'భాగస్వాములందరినీ సంప్రదించాకే' అని సర్క్యులర్‌లో ఉంది కదా అని మా ఆటో భాయ్‌ని అడిగాను. "హమ్‌కు కౌన్ పూఛే సాబ్?" అన్నాడు.

1983 నాటి చర్చి చట్టం, 803వ సూత్రం ప్రకారం ఏ బడైనా కాథలిక్ పాఠశాల అని పేరు పెట్టుకోవాలంటే చర్చి అధికారుల అనుమతి తప్పనిసరి. గేటుకు తాళం వేయడానికి మాత్రం ఏ సూత్రమూ అడ్డురాదు.

బడి లక్ష్యాలు నెరవేరడం దాదాపు పూర్తిగా టీచర్ల చేతుల్లోనే ఉందని కాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో తేల్చి చెప్పింది. మా బడిలో దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. ఎందరో ప్రిన్సిపాళ్లను చూసిన లెక్కల టీచరమ్మకు కొత్త విజన్ చార్టు గోడకు అంటించే బాధ్యత పూర్తిగా అప్పగించారు. చార్టు మీద 'షేర్డ్ లీడర్‌షిప్' అని బంగారు రంగులో ఉంది. టీచరమ్మ స్టూలెక్కింది, ఆయా స్టూలు పట్టుకుంది. అధికార వికేంద్రీకరణ అంటే ఇదే కాబోలు. పాత చార్టు పీకితే సున్నం ఊడొస్తుందని దాని మీదే అంటించారు. ఆ పాతదాని కింద అంతకుముందు సిస్టర్ గారి విజన్ కూడా ఉందట. మందం చూస్తే నమ్మబుద్ధవుతుంది.

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ అనే కాథలిక్ బడి 1855 నాటిది. ఇన్నేళ్లు ఏ బడైనా నిలిచిందంటే, బదిలీ ఉత్తరాలు రాని వాళ్లు క్లాసులోనూ ఆఫీసులోనూ కదలకుండా కూర్చున్నందువల్లేనని నా అనుమానం. ఏ ఇంట్లో ఎందరు పిల్లలో, ఎవరికి ఫీజులో గడువు ఇవ్వాలో మా ఆఫీసు క్లర్కుకు నోటికొచ్చు. విజన్ కమిటీలో ఆయన పేరు లేదు. మీటింగు టీ లెక్క మాత్రం ఆయనే రాశాడు.

ఇదంతా కాగితం మీద పెట్టి సలహాల పెట్టెలో వేద్దామని వెళ్లాను. పెట్టె నిండిపోయి చీటీ దూరడం లేదు. తాళంచెవి పాత సిస్టర్ గారి సామాన్లలో వెళ్లిపోయిందట. పంపమని ప్రొవిన్షియల్ ద్వారా ఉత్తరం రాశామని, కొత్త సలహాల పెట్టెకు ఈలోగా కొటేషన్లు పిలిచామని క్లర్కు చెప్పాడు.