పోస్టులో వచ్చిన నీరసపు పిల్ల: పూనుకోవాలా, వదిలేయాలా?

అమెరికాలో కోడిపిల్లలు పోస్టులో వస్తాయి. 1918 నుంచీ ఉన్న పద్ధతి ఇది. గుడ్డు పగిలిన 24 గంటల్లోపు హేచరీవాళ్లు, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు, పెట్టెను పోస్టుకివ్వాలి, 72 గంటల్లోపు అది చేరాల్సిన చోటికి చేరాలి. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే మన తెలుగువాళ్లు కూడా అక్కడ ఇలాగే తెప్పించుకుంటున్నారు. పెట్టె తెరిచేసరికి ఒకటో రెండో పిల్లలు తల వాల్చేసి ఉంటాయి. వాటికోసం పూనుకోవాలా, వద్దా? వాదమంతా దీని మీదే.

ఒకవైపు తణుకు దగ్గర కోళ్ల షెడ్లు నడిపి, ఇప్పుడు డల్లాస్‌లో కూతురి దగ్గర ఉంటున్న మామయ్య. ఇంకోవైపు డల్లాస్‌లోనే పెరటి కోళ్లు పెంచుతున్న మేనకోడలు. నేను మేనకోడలి పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయినా మామయ్య మాటల్లో తీసిపారేయలేనివి చాలా ఉన్నాయి. వాటిని ఎక్కడా తగ్గించి రాయలేదు.

మామయ్య: చూడమ్మా, పదివేల పిల్లల్ని షెడ్డులో దించిన రోజు మేం చేసే మొదటి పని ఏరివేత. నిలబడలేనిదీ, బొడ్డు మూసుకోనిదీ, కాళ్లు విచ్చుకుపోయినదీ పక్కకు తీసేస్తాం. కసాయితనంతో కాదు. అలాంటిది మేత దగ్గరికి రాలేదు, మిగతావాటి కాళ్ల కింద నలుగుతుంది, రోగం ఉంటే పదింటికి అంటిస్తుంది. మొదటి వారంలో నూటికి ఒకటి పోవడం మాకు మామూలే. నువ్వు ఆ ఒక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చుంటానంటున్నావు.

మేనకోడలు: మీ షెడ్డుకి పిల్లలు ఎంతసేపట్లో వచ్చేవి మామయ్యా?

మామయ్య: వ్యానులో నాలుగైదు గంటలు. ఎండ తగలకుండా రాత్రిపూట తెచ్చేవాళ్లం.

మేనకోడలు: నేననేదీ అదే. నాలుగు గంటల ప్రయాణానికే తూలిపోయిందంటే ఆ పిల్లలో పుట్టుకతోనే ఏదో లోపం ఉన్నట్టు. ఇక్కడికొచ్చేది రెండు రోజులు చీకటి పెట్టెలో, నీళ్లు లేకుండా, లారీలు మారి మారి వచ్చిన పిల్ల. దాని నీరసం పుట్టుకది కాకపోవచ్చు, దారిలో వచ్చింది కావచ్చు. ఇంకోటి కూడా ఉంది. పెట్టె మీద గుడ్లు పగిలిన తేదీ, గంట వేస్తారు. వేసేది ఒకటే గంట. ఇంక్యుబేటర్‌లో గుడ్లన్నీ ఒకే గంటలో పగులుతాయా?

మామయ్య: ఎందుకు పగులుతాయి? మొదటిదానికీ ఆఖరిదానికీ ఒక రోజు తేడా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

మేనకోడలు: మరి పెట్టె మీద వేసిన గంట ప్రకారం 48 గంటలే అయినా, అందరికంటే ముందు బయటికొచ్చిన పిల్లకు అప్పటికే 72 దాటి ఉండొచ్చు. అన్నిట్లోకీ డస్సిపోయి కనిపించేది అదే కావచ్చు. అంటే మీరు ఏరేసేది చెడ్డ పిల్లను కాకపోవచ్చు, ముందు పుట్టిన పిల్లను.

మామయ్య: (కాసేపు ఆలోచించి) ఆ మాట ఒప్పుకుంటాను. పుట్టేముందు గుడ్డులోని పచ్చసొనను పిల్ల కడుపులోకి లాక్కుంటుంది. దాని మీదే రెండు మూడు రోజులు లాగిస్తుంది. అందుకేగా ఈ పోస్టు వ్యాపారం నడుస్తున్నది! కానీ బతికుండటం వేరు, బాగుండటం వేరు. మేత, నీరు ఎంత తొందరగా దొరికితే పేగు అంత బాగా ఎదుగుతుందని షెడ్డు కాపలా కుర్రాడికి కూడా తెలుసు. ఆ పచ్చసొన పుణ్యాన పిల్ల చావదు కదా అని మూడు రోజులు పస్తుపెట్టడం, ఆ తరవాత బతికించడానికి తంటాలు పడటం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అసలు తప్పు నీ ఒళ్లో ఉన్న పిల్లది కాదు, దాన్ని పోస్టులో తెప్పించడంలో ఉంది. డెలవేర్ రాష్ట్రంలో జరిగిన సంగతి మర్చిపోయావా? 2025లో పోస్టల్ సెంటర్ దగ్గర ట్రక్కులో పన్నెండు వేల దాకా పిల్లలు మూడు రోజులు మేత, నీళ్లు లేకుండా ఉండిపోయాయి. వేలల్లో చచ్చాయి.

మేనకోడలు: మర్చిపోలేదు. అది ఘోరం. కానీ అందులో బతికినవి కూడా వేలల్లోనే, వాటిని అక్కడి జంతు సంరక్షణ కేంద్రానికి చేర్చారు. వచ్చిన ప్రతి పిల్లా నీరసంగానే ఉండి ఉంటుంది. తలలు వాల్చేశాయి కాబట్టి ఏరేద్దామని వాళ్లు అనుకుని ఉంటే?

ఈ చోట మామయ్య జవాబివ్వలేదు, మాట మార్చాడు. నేను మాత్రం ఈ ప్రశ్నను పెద్దదిగానే చూస్తాను.

మామయ్య: సరే, పూనుకున్నావే అనుకో. ఏం చేస్తావు? చాలామంది చేసేది నేను చూశాను. పిల్లను పెట్టెలోంచి తీయడం, సిరంజితో నోట్లో నీళ్లు పొయ్యడం. సగం పిల్లలు జబ్బుతో కాదు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తాయి.

మేనకోడలు: నేను ముందు నీళ్లివ్వను. ముందు వేడి. చల్లబడిన పిల్లకు ఏం పోసినా కడుపులో కదలదు.

మామయ్య: చల్లబడిందని ఎలా తెలుస్తుంది?

మేనకోడలు: మీరు నేర్పిందే కదా మామయ్యా. పిల్లను ఎత్తి దాని పాదాలు నా చెంపకు ఆనిస్తాను. పాదాలు చల్లగా తగిలితే లోపల కూడా చల్లబడ్డట్టే. వెచ్చగా ఉంటేనే నీళ్ల గిన్నె దగ్గరికి తీసుకెళ్తాను. పిల్లలు రాకముందే బ్రూడర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే బల్బు పెట్టె, వేడెక్కి ఉండాలి, పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్. పెట్టె తెచ్చాక బల్బు వెలిగించేవాళ్లు ఆ గంటలోనే రెండు పిల్లల్ని పోగొట్టుకుంటారు. అయితే బ్రూడర్ అంతా అదే వేడి ఉండకూడదు. ఒక పక్క చల్లగా ఉంటే పిల్ల తనకు కావలసిన చోటికి తనే పోతుంది. అన్నీ బల్బు కిందికి గుంపుగా చేరి కీచుమంటే చలి. నోళ్లు తెరిచి, రెక్కలు జార్చి అంచులకు పోతే వేడి ఎక్కువ.

మామయ్య: వేడి అయింది. నీళ్లు?

మేనకోడలు: గోరువెచ్చటివి. ఒక్కో పిల్లనూ పట్టుకుని ముక్కు కొసను నీళ్లలో ముంచి తీస్తాను. మింగడానికి అదే తల పైకెత్తుతుంది. అలా ఎత్తేదాకా వదలను. తల ఎత్తలేనంత నీరసంగా ఉంటే ముక్కు పక్కన ఒక్క చుక్క పెడతాను. ఆ చుక్క దానంతటది లోపలికి జారుతుంది, పిల్ల చప్పరిస్తుంది, అప్పుడు ఇంకో చుక్క. నోరు తెరిచి పొయ్యడం మాత్రం ఎప్పుడూ లేదు. నీళ్లలో పంచదార కలుపుతాను, లీటరుకు మూడు పెద్ద చెంచాలు, మొదటి రోజు వరకే. అంతకుమించి ఇస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

మామయ్య: నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేశావా? నీరసంగా ఉన్నది తల వాల్చిందంటే అరంగుళం నీళ్లలో కూడా మునిగి చస్తుంది.

మేనకోడలు: వేశాను. నీళ్లు తాగాక గానీ మేత పెట్టను. చిన్నపిల్లలకు పెట్టే స్టార్టర్ మేతను తడిపి, ఉడికించిన గుడ్డు పచ్చసొన మెదిపి కలిపి, నీరసపుదాని ముందు వేలితో టకటక కొడతాను. తల్లికోడి నేల మీద ముక్కుతో కొట్టి పిల్లల్ని పిలిచినట్టన్నమాట. దాంతోనే సగం పిల్లలు మేతకు దిగుతాయి.

మామయ్య: ఊళ్లో నూకలు, చెదలు వేసేవాళ్లం. ఇక్కడ చెదలు ఎక్కడ దొరుకుతాయిలే. సరే, ఇప్పుడు నేనడిగేది చెప్పు. రెట్ట అంటుకుని వెనక మూసుకుపోయిన పిల్ల ఉంది. గట్టిపడి, తోక కింద మైనంలా అతుక్కుని ఉంది. ఏం చేస్తావు?

మేనకోడలు: దూదిని గోరువెచ్చటి నీళ్లలో తడిపి అక్కడ అద్ది ఉంచుతాను. మెత్తబడ్డాక తుడుస్తాను. పొడిగా ఉండగా లాగితే చర్మం, నూగు ఊడొస్తాయి. తుడిచాక ఒళ్లు ఆరేదాకా వేడి దగ్గరే ఉంచాలి, తడి పిల్ల చలికి పోతుంది.

మామయ్య: చాలామంది చేసే పొరపాటు చెప్పనా? అక్కడే, కొంచెం ముందువైపు బొడ్డు ఉంటుంది. ఎండిన చిన్న పొక్కు, ఒక్కోసారి దానికి దారంలాంటిది వేలాడుతుంది. దాన్ని కూడా రెట్టే అనుకుని పీకేస్తారు. లోపలి పేగు వచ్చేస్తుంది. నీ దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లందరికీ ముందు ఆ తేడా చెప్పు. ఇక బొడ్డు దగ్గరే అసలు వాదన. బొడ్డు తడిగా, ఎర్రగా, పొట్ట ఉబ్బి, పట్టుకుంటే మెత్తగా, కుళ్లు వాసన వస్తుంటే?

మేనకోడలు: అది పచ్చసొన సంచిలో చేరిన ఇన్ఫెక్షన్. అక్కడ నేను పూనుకోను.

మామయ్య: మందు వెయ్యవా?

మేనకోడలు: నీళ్లలో కలిపే యాంటీబయాటిక్స్‌కు 2017 నుంచి ఇక్కడ పశువైద్యుడి చీటీ కావాలి. చీటీ దొరికినా, అంతగా ముదిరిన పిల్ల నిలబడటం అరుదు. దాన్ని వెంటనే వేరుచేస్తాను.

మామయ్య: వేరుచేసి? మూల పెట్టి అదే పోతుందిలే అని చూస్తూ కూర్చుంటావా? నాకు కోపమొచ్చేది అక్కడే. మీ జాలి పిల్లను బతికించదు, పోనివ్వదు. రోజున్నర కొట్టుకుంటూ పడి ఉంటుంది. పూనుకోవడానికో గడువుండాలి, గడువు దాటాక క్షణంలో ముగించే ధైర్యం కూడా ఉండాలి. మీరు ఏరివేతను క్రూరం అంటారు గానీ, చేతికి మట్టి అంటకూడదని వదిలెయ్యడం అంతకంటే క్రూరం.

మేనకోడలు: ఆ మాట నిజం. నా గడువు ఒక రోజు. దారిలో వచ్చిన నీరసమైతే వేడి, నీళ్లు అందాక కొద్ది గంటల్లోనే తేడా కనిపిస్తుంది. తల నిలుపుతుంది, కళ్లు తెరుస్తుంది, కీచుమంటుంది. మర్నాటికి మెడ కింద మేత సంచి తడిమితే మెత్తగా, నిండుగా తగలాలి. ఒక రోజు గడిచినా సంచి ఖాళీగానే ఉండి, నిలబడలేకపోతే దాని లోపం ప్రయాణానిది కాదు. అప్పుడు మీ పద్ధతే.

మామయ్య: కాళ్లు విచ్చుకుపోయినదాన్ని కూడా అప్పుడే తేలుస్తావా?

మేనకోడలు: లేదు, దానికి వారం ఇస్తాను. అది రోగం కాదు, ఎక్కువసార్లు నున్నటి నేల వల్ల వచ్చేది. న్యూస్‌పేపర్ తీసేసి గరుకుగా ఉండే పేపర్ టవల్ పరిచి, రెండు కాళ్లకూ మధ్య కాస్త ఎడం ఉంచి మెత్తటి బ్యాండేజీతో కడితే నాలుగైదు రోజుల్లో నడుస్తుంది. మేత తింటున్న పిల్లను కాళ్ల కోసం చంపడం నాకు ఒప్పదు.

మామయ్య: షెడ్డులో ఒక్కోదానికి కట్లు కట్టే తీరిక మాకెక్కడిది. నీకుంది, కట్టు. కానీ దాన్ని వేరే గదిలో ఒంటరిగా పెట్టకు. పక్కన పిల్లల చప్పుడు లేకపోతే మేత ముట్టదు. మధ్యలో జాలీ అడ్డం పెట్టు, మిగతావి పొడవకుండా ఉంటాయి. ఇంకోటి, ఈ సేవంతా వంటింటి సింకులో చెయ్యకు. బాగా కనిపించే కోడిపిల్లలో కూడా సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. అయిదేళ్ల లోపు పిల్లల్ని వీటిని ముట్టుకోనివ్వొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖవాళ్లే చెప్తున్నారు. మీవాడు నిన్న ముద్దుపెట్టుకోవడం చూశాను.

మేనకోడలు: చూశారా! వాడికి చెప్తాను. అన్నీ గరాజ్‌లోకి మారుస్తాను.

మామయ్య: ఇంతా విని కూడా పోస్టులో తెప్పించడం మీద నా మాట మారలేదు. ఊళ్లో మేత అమ్మే ఫీడ్ స్టోర్ ఉంది కదా, అక్కడే కొనుక్కోవచ్చుగా?

మేనకోడలు: ఆ స్టోర్‌కు కూడా చాలాసార్లు హేచరీ నుంచి పోస్టులోనే వస్తాయి మామయ్యా. దారిలో చచ్చినవి మన కంటపడవు, అంతే.

మామయ్య: అయితే పాతిక తెప్పించు. ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది.

మేనకోడలు: మా పెరట్లో పాతిక కోళ్లు పెట్టుకోలేను. కొన్ని హేచరీలు వేడి కోసమని పుంజుపిల్లల్ని ఊరికే కలిపి పంపుతాయి, పుంజులు అసలే కుదరవు. తరవాత వాటిని ఎక్కడ వదలను?

మామయ్య: తక్కువ తెప్పిస్తే చలికి పోతాయి, ఎక్కువ తెప్పిస్తే ఉంచుకోలేవు.

మేనకోడలు: అందుకే దగ్గరి హేచరీ చూస్తున్నాను, ఒక్క రాత్రి ప్రయాణంలో చేరేది. ఏప్రిల్ చివర్లో, మరీ చలి, మరీ ఎండ లేనప్పుడు. నా ఫోన్ నంబరు ముందే పోస్టాఫీసులో ఇచ్చి, పెట్టె రాగానే పిలవమంటాను. డెలివరీ బండి ఎక్కనివ్వకుండా తెల్లవారుజామునే నేనే వెళ్లి తెచ్చుకుంటాను. కౌంటర్ దగ్గరే మూత తీసి చూస్తాను.

మామయ్య: కారులో ఏసీ తిన్నగా వాటి మీదికి పెట్టకు. పోస్టాఫీసు ఎన్నింటికి తీస్తారు? నేను కూడా వస్తాను.