అజ్ఞాత సభ్యుడి ఆవకాయ

మా పక్క ఫ్లాటాయన తలుపుకీ మా తలుపుకీ మధ్య నాలుగడుగుల దూరం. ఆయన పేరు నాకు తెలీదు. పదకొండేళ్లుగా లిఫ్టులో కలిసినప్పుడల్లా ఇద్దరం మెరిసే అంకెల కేసి చూస్తూ కిందికి దిగుతాం. మొన్నొక రాత్రి కరెంటు పోయింది. ఆయన చీకట్లో మంచం దిగకుండానే అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగాడు: "మాకేనా, అందరికీ పోయిందా?" నిమిషంలో ముప్పై మంది "మాకూ పోయింది" అన్నారు. నేనూ అన్నాను. దాంతో ఆయన గుండె కుదుటపడినట్టుంది. దండం బొమ్మ ఒకటి పెట్టి పడుకున్నాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి గురక వినిపించింది.

కరెంటు ఫిర్యాదులకి 1912 అనే నంబరొకటి ఉంది. ఆ రాత్రి దానికి మా అపార్ట్‌మెంట్ నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదని నా గట్టి నమ్మకం. చేస్తే కరెంటు వస్తుందేమో గానీ, "మాకూ పోయింది" అనే చల్లని మాట రాదు కదా. వెనకటికి ఈ మాట కోసం వీధి అరుగు మీదికొచ్చి ఎదురింటి కిటికీ వంక చూడాల్సి వచ్చేది. ఎదురింట్లో దీపం వెలుగుతుంటే ఆ బాధ వేరు.

ముక్కూ మొహం తెలియని వాళ్లని సలహా అడగడం తెలివితక్కువతనమని మా బావమరిది అంటాడు. ఈ అభిప్రాయాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఖండించడానికి కారణం కూడా మా బావమరిదే. గీజర్లోంచి నీళ్లు ఎర్రగా ఎందుకొస్తున్నాయని చాలా ఏళ్ల కిందట ఆయన్ని ఒక్కసారి అడిగాను. జవాబు చెప్పాడు, కాదనను. ఆ తర్వాత మా అమ్మాయి పెళ్లిలోనూ, వాళ్ల గృహప్రవేశంలోనూ, చివరికి ఒక పెద్దాయన పన్నెండో రోజు భోజనాల దగ్గర కూడా "గీజరుకి కింద వాల్వు ఉంటుందని మా బావగారికి తెలీదండీ" అని పక్క విస్తరి వాళ్లకి చెప్పాడు. పరాయివాడికి ఆ అవకాశం లేదు. వాడు మహా అయితే "ఇది కూడా తెలీదా" అని ఒక నవ్వు బొమ్మ పెడతాడు. మన ఇంటి భోజనాలకి రాడు.

పైగా ఇది సెల్‌ఫోన్లతో పుట్టిన అలవాటు కాదు. 1950ల నుంచి దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనం' అనే ప్రశ్న-జవాబుల శీర్షిక నడిపారు. కాకరకాయ చేదు దగ్గర్నుంచి కాపురంలో చేదు దాకా అన్నిటికీ అందులో చోటుండేది. మా అమ్మ కూడా ఒక కార్డు ముక్క రాసిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఏమడిగిందో ఎవరికీ చెప్పలేదు, మా నాన్న మాత్రం చాలా కాలం అనుమానంగా చూసేవాడు. ఆ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. ప్రశ్న డబ్బాలో వేశాక జవాబు అచ్చయ్యేసరికి వారాలు గడిచేవి. ఈలోపు దగ్గు తగ్గేది, కాపురం సర్దుకునేది, ఆవకాయ అయిపోయేది. ఆ తర్వాత 1990ల మొదట్లో అమెరికా చదువులకి వెళ్లిన మనవాళ్లు అప్పటి నెట్ చర్చల చావడి యూజ్‌నెట్‌లో తెలుగువాళ్లకంటూ ఒక చోటు చేసుకున్నారు. తెలుగు అక్షరాలు తెర మీద కనపడే దారి లేక, పెద్ద బడి ఇంగ్లీషు అక్షరానికో చప్పుడు, చిన్న బడి అక్షరానికో చప్పుడు పెట్టుకుని తెలుగు రాసుకున్నారు. అంత కష్టపడి పరాయివాళ్లతో మాట్లాడిన జాతి మనది. ఇప్పుడు వేలితో నొక్కితే అక్షరం వస్తుంటే ఊరుకుంటామా?

ఇక నా కేసు మనవి చేస్తాను.

మే నెలాఖర్న మా ఆవిడ డల్లాస్ వెళ్లింది, మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి. తను ఒక్కర్తే విమానం ఎక్కడం అదే మొదటిసారి. అమ్మాయి అక్కడి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టింది: "మా అమ్మగారు ఫలానా తేదీన హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వస్తున్నారు. అదే ఫ్లైట్లో ఎవరైనా ఉంటే తోడు కావాలి." గంటలో ఒక పిల్ల దొరికింది. ఏ ఊరో, ఎవరి పిల్లో తెలీదు. దోహాలో మా ఆవిడ చెయ్యి పట్టుకుని గేటు దగ్గర కూర్చోబెట్టి, టీ తాగించి, డల్లాస్‌లో మా అల్లుడికి అప్పజెప్పి, పేరు కూడా సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయిందట. ఈ సంగతి మా బావమరిదికి చెప్పాను. "అదృష్టం బావుంది" అన్నాడు. గీజరు మాట ఎత్తలేదు, అదే పదివేలు.

వెళ్తూ వెళ్తూ మా ఆవిడ నాకు ముఖ్యంగా రెండు అప్పజెప్పింది. ఒకటి తులసి మొక్క, రెండోది ఆవకాయ జాడీ. ఒకదానికి రోజూ నీళ్లు తగలాలి, రెండోదానికి చుక్క నీరు తగలకూడదు. రెండు షరతులూ నేను బాగానే గుర్తుపెట్టుకున్నాను. ఏది దేనికో అన్న దగ్గర కాస్త తేడా వచ్చింది.

జులై రెండో వారంలో జాడీ మూత తీస్తే, ముక్కల మీద తెల్లగా, దూది పరిచినట్టు బూజు.

తెలిసినవాళ్లలో ఎవర్ని అడగాలి? మా ఆవిడని అడిగే ప్రశ్నే లేదు. అత్తగారిని అడిగితే డల్లాస్‌కి వార్త చేరడానికి నాలుగు నిమిషాలు. మా వదిన్ని అడిగితే రెండు. బావమరిది సంగతి చెప్పనే చెప్పాను. అందుకని లక్షకి పైగా సభ్యులున్న ఒక వంటల గ్రూపులో చేరాను. పేరు కనపడకుండా అడిగే సదుపాయం ఉందందులో. అడిగినవాడి పేరు చోట 'అజ్ఞాత సభ్యుడు' అని వస్తుంది. దేశంలో పరువు గల మగవాళ్ల కోసమే ఎవరో మహానుభావుడు కనిపెట్టిన ఏర్పాటది. జాడీకి ఫొటో తీసి ఇలా రాశాను: "గ్రూపు పెద్దలకు నమస్కారం. మా మిత్రుడి ఇంట్లో ఆవకాయకి బూజు పట్టింది. ఏం చెయ్యమంటారు?"

అడ్మిన్ గారు ఆమోదించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో బూజుకి పచ్చరంగు వచ్చింది.

మొదట వచ్చినవి చుక్కలు. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను, ఇక్కడ కొందరు జవాబు రాయరు, ఒక చుక్క పెట్టి పోతారు. జవాబు ఎవరైనా ఇస్తే తమకీ తెలియాలని. సాయంత్రానికి నా బూజు కింద నలభై చుక్కలు. అంటే ఈ రాష్ట్రాల్లో ఇంకా నలభై జాడీలకి మూత తియ్యాలంటే భయపడుతున్నవాళ్లున్నారన్నమాట. అందులో నాకు కలిగిన ఊరట ఏ సలహాలోనూ కలగలేదు. ఒకావిడ "మాకూ ఇదే సమస్య, కాకపోతే మాది నిమ్మకాయ, బూజు కూడా కాదు" అంది.

చుక్కలతో కడుపు నిండదు కదా. ఎవరైనా రాసి దిద్దగలిగే వికీ అనేదాన్ని 1995లో మొట్టమొదట నెట్‌లో పెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరు మీద ఒక సూత్రం చలామణిలో ఉంది. నెట్‌లో సరైన జవాబు రాబట్టాలంటే ప్రశ్న అడగడం దండగ, తప్పు జవాబు రాయాలి అని. ఆ మాట నేను అనలేదు మొర్రో అని ఆయనే చెప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. నేను కూడా వినదల్చుకోలేదు. నా పోస్టు కింద నేనే రాశాను: "ఉప్పు బాగా తగ్గిస్తే బూజు రాదని మా మిత్రుడికి ఎవరో చెప్పారట."

ఇంక చూడండి.

కోనసీమ, కరీంనగర్, కర్నూలు, కువైట్ ఒకేసారి లేచాయి. ఉప్పు తగ్గించమన్నవాడికి చదువు చెప్పిన మాస్టారిని కూడా వదల్లేదు. ఒకాయన "ముందుగాల అది ఆవకాయ కాదు, తొక్కు అనాలె. అల్లం వెల్లుల్లి ఏసి పెడితే ఈ బాధలుండయ్" అన్నాడు. "అల్లం వెల్లుల్లి వేస్తే అది ఆవకాయ ఎలా అవుద్దండీ" అని గోదావరి వైపు నుంచి ఒకావిడ. కొత్తపల్లి కొబ్బరి కాయతో పెట్టకపోతే ఇంతేనని ఇంకొకరు. నూనె దగ్గర మాత్రం నిజమైన యుద్ధం జరిగింది. పప్పునూనె తప్ప వాడకూడదని ఒక పక్షం, నువ్వుల నూనె తప్ప ముట్టుకోకూడదని ఒక పక్షం. అరవై వ్యాఖ్యల దాకా మాటామాటా అనుకున్నారు. ఒకరి అమ్మమ్మని ఇంకొకరు అన్నారు. పప్పునూనె అంటే కోస్తా వైపు నువ్వుల నూనే అన్న సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే అంతమంది కాలక్షేపం చెడగొట్టినవాణ్ణవుతాను.

తర్వాత జాడీ ఏ మూల పెట్టారని వాస్తు ఆయన వచ్చాడు. ఆవపిండి కల్తీకి ఏ ప్రభుత్వం కారణమో తేల్చడానికి ఇద్దరొచ్చారు, రాత్రి రెండింటి దాకా తేల్చారు. 1928లో ఫ్లెమింగ్ బూజులోంచే పెన్సిలిన్ కనిపెట్టాడు కాబట్టి పైన బూజు తియ్యకుండా వేడన్నంలో కలుపుకుంటే యాంటీబయాటిక్ ఖర్చు కలిసొస్తుందని ఒకాయన లెక్క వేసి మరీ చూపించాడు. ఈయన ఆ గ్రూపులో పెద్ద పేరున్న మనిషి. టైర్ల గాలి, థైరాయిడ్, తాటి ముంజలు, పాస్‌పోర్టులో ఇంటిపేరు తప్పు, దేని గురించి అడిగినా మొదటి జవాబు ఈయనదే. "నాకు తెలీదు" అన్న రెండు పదాలు ఆయన ఫోన్ కీబోర్డుకి అలవాటు లేవు. పద్మ పురస్కారాల జాబితాలో ఇలాంటివారి ప్రస్తావన ఇంతవరకూ రాకపోవడం శోచనీయం.

పచ్చళ్లమ్మే ఒకావిడ "ఇన్‌బాక్స్ చూడండి" అంది. కిలో ఎంతండీ అని పదిహేను మంది అడిగితే పదిహేను మందికీ "ఇన్‌బాక్స్ చూడండి" అనే జవాబు. బంగారం ధర కూడా కొట్టు ముందు పలక మీద రాస్తారు.

వీటన్నిటి మధ్యా ఒక రిటైర్డ్ హోమ్ సైన్స్ టీచరు గారు రాశారు: "పైన కనపడేది బూజు కొసలేనండీ. దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి. పై వరకు తీసేసి తింటే లాభం లేదు, పారెయ్యండి. ఇంతకీ ఉప్పెంత వేశారు? తడి గరిటె పెట్టారా? ముక్కల మీద నూనె తేలుతోందా?" మొత్తం మూడొందల చిల్లర వ్యాఖ్యల్లో పనికొచ్చే ఎదురు ప్రశ్న వేసింది ఆవిడొక్కర్తే. ఆవిడకి రెండు లైకులు వచ్చాయి. అందులో ఒకటి నాది. పెన్సిలిన్ ఆయనకి ఆరొందలు.

అన్ని ప్రశ్నలకీ ఇంత వినోదం ఉండదని ఒప్పుకోవాలి. మా పాత ఆఫీసు మిత్రుడు వాషింగ్ మెషీన్ బాగుచేసేవాళ్ల నంబరు ఇలాగే ఒక గ్రూపులో అడిగాడు. ఎవరో ఇచ్చారు. ఆ నంబరువాడు మెషీన్ జోలికి రాకుండా ఈయన బ్యాంకు ఖాతా శుభ్రంగా ఉతికి ఆరేశాడు. మూడు రోజుల పాటు గ్రూపంతా "అయ్యో" అంది. సైబర్ మోసాలకి 1930 అనే నంబరుందని, గంటల్లో చెబితే డబ్బు ఆపే వీలుంటుందని నాలుగో రోజు ఒకాయన చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు.

సరే, జాడీ దగ్గరికొస్తాను. ఒకరోజు ఇక్కడ పొద్దున్న ఆరు, డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. కాఫీ కలుపుకుని ఫోన్ తెరిస్తే నా పోస్టు కింద కొత్త వ్యాఖ్య. పేరు చూశాను. చెయ్యి వణికి కాఫీ లుంగీ మీద పడింది. మా ఆవిడ ఆ గ్రూపులో ఆరేళ్లుగా ఉందట. నాకెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు.

"మీ మిత్రుడి జాడీ చాలా బావుందండీ" అని రాసింది. "మా ఇంట్లోనూ అచ్చం ఇలాంటిదే ఉంది. మూతకి అదే చోట పెచ్చు ఊడింది. మా వారికి అప్పజెప్పి వచ్చాను. ఆయన చాలా జాగ్రత్త మనిషి."

చాలాసేపు ఆలోచించి, అజ్ఞాత సభ్యుడి హోదాలోనే జవాబిచ్చాను: "ధన్యవాదాలమ్మా. మీ వారు అదృష్టవంతులు."

వెంటనే ఇంకో వ్యాఖ్య పడింది. "ఫొటోలో వెనకాల కిటికీలో తులసి మొక్క కనిపిస్తోంది. పూర్తిగా ఎండినట్టు లేదు. ఇప్పుడైనా నాలుగు నీళ్లు పొయ్యమనండి మీ మిత్రుణ్ణి."

దానికి అరనిమిషంలో పాతిక చుక్కలు వచ్చాయి.

అంతలో ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎత్తాలా వద్దా అని అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగాను.

పక్క ఫ్లాటాయన చుక్క పెట్టాడు.