పేరొకటే, రోగమూ ఒకటేనా?

షుగర్‌ జబ్బును తెలుగులో మధుమేహం అనే రాస్తాం. ఆయుర్వేదంలో ఆ మాట పరిధి వేరు. అక్కడ ప్రమేహాలు 20: కఫజాలు 10, పిత్తజాలు 6, వాతజాలు 4. మధుమేహం ఆ చివరి నాలుగింట్లో ఒకటి. దోషాన్ని, మూత్రం తీరును చూసి చేసిన విభజన అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులకు కోడ్‌లు ఇచ్చే జాబితా ఐసీడీ. దాని పదో కూర్పు ఐసీడీ-10లో ఇ11, అంటే టైప్‌-2 డయాబెటిస్‌, రక్తంలో గ్లూకోజును చూసి తేల్చేది. 2024 జనవరిలో ఐసీడీ-11లోకి ఆయుర్వేద, సిద్ధ, యునానీ పదాల కోడ్‌లూ వచ్చాయి. ఇక ఈ తేడా రోగి రికార్డు దాకా వెళ్తుంది.

ఇలాంటి పదాలను కంప్యూటర్‌తో జత చేయాలంటే, ముందు వాటి అర్థాలు ఎంత దగ్గరో కొలవాలి. అందుకు తేలికైన దారి, వర్గీకరణ చెట్టులో దూరం చూడటం. వూ-పామర్‌ సూత్రం ప్రకారం రెండు పదాలూ కలిసే కొమ్మ లోతును రెట్టింపు చేసి, ఆ రెంటి లోతుల మొత్తంతో భాగించాలి. ఐసీడీ-10లో వేసి చూద్దాం. లోతుల లెక్క ఇది: మూలం 1, అధ్యాయం 2, బ్లాకు 3, మూడక్షరాల కోడ్‌ 4, దాని కిందిది 5. థైరాయిడ్‌ మందగించడం ఇ03.9, మితిమీరడం ఇ05.9. రెండూ బ్లాకు దగ్గర కలుస్తాయి: 6ను 10తో భాగిస్తే 0.6. అదే ఇ03.9ను హషిమోటో థైరాయిడైటిస్‌తో (ఒక రకం థైరాయిడ్‌ గ్రంథి వాపు), అంటే ఇ06.3తో పోల్చండి. మళ్లీ 0.6! మొదటి జంటలో ఒకరికి థైరాయిడ్‌ హార్మోన్‌ లోటు తీర్చే లెవోథైరాక్సిన్‌ ఇస్తారు, మరొకరికి దాన్ని తగ్గించే కార్బిమజోల్‌. మందు తారుమారైతే ప్రమాదం. రెండో జంటలో హషిమోటో కారణం, థైరాయిడ్‌ మందగించడం దాని ఫలితం. అంకెకు ఈ తేడా తెలియదు. వాక్యాల నుంచి నేర్చుకునే కంప్యూటర్‌ మోడళ్లూ ఇక్కడే తడబడతాయి, ఎందుకంటే ఈ మాటలన్నీ టీఎస్‌హెచ్‌ (థైరాయిడ్‌ రక్తపరీక్షలో చూసే హార్మోన్‌) పక్కనే కనిపిస్తాయి.

రెండు పదజాలాలను పోల్చాల్సి వస్తే ఉమ్మడి చెట్టే ఉండదు. స్నోమెడ్‌ సీటీ అనే మరో వైద్య పదజాలంలో డయాబెటిక్‌ రెటినోపతి అటు రెటీనా వ్యాధుల కిందా ఉంటుంది, ఇటు డయాబెటిస్‌ వల్ల వచ్చే సమస్యల కిందా ఉంటుంది. ఐసీడీ-10లో ఒక కోడ్‌కు ఒకే గూడు. అందుకే టైప్‌-2 రోగికి కారణం కోసం ఇ11.3, కంటి కోసం హెచ్‌36.0 జంటగా వేయాలి. ఒకటికి ఒకటే వెతికే ప్రోగ్రాం సగం అర్థాన్ని వదిలేస్తుంది.

వేరే ఏ కోడ్‌లోనూ ఇమడని వాటిని వేసే ‘ఇతరత్రా’ కోడ్‌లది ఇంకో చిక్కు. పక్కన కొత్త కోడ్‌ చేరితే, పేరు మారకుండానే వాటి అర్థం కుదించుకుపోతుంది. కొత్త వెర్షన్‌ వచ్చినప్పుడల్లా పాత జతలను మళ్లీ తనిఖీ చేయాల్సిందే.

కాబట్టి స్కోరును తొలి వడపోతకే వాడాలి. స్కోరులో పైకొచ్చిన పది పదాలను ఇద్దరు కోడర్లు (రోగాలకు కోడ్‌లు వేసేవారు) విడివిడిగా చూసి, ఏ జతకు ఏ సంబంధమో రాయాలి: సమానం, విస్తృతం, సంకుచితం, లేదా సంబంధం మాత్రమే. ఎటు నుంచి ఎటు అన్నదీ రాయాలి. ఆయుర్వేద మధుమేహానికి, ఇ11కు మధ్య నాలుగోదే సరైనది. అక్కడ ‘సమానం’ అని వేస్తే రక్తపరీక్షే జరగని రోగీ, ఇ10లో ఉండాల్సిన టైప్‌-1 పిల్లవాడూ టైప్‌-2 లెక్కలో చేరిపోతారు.