పిల్లలు పుడుతున్నాయి సరే, బట్టమేక పిట్టలను ఎక్కడ వదులుతారు?

రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో సమ్, రామ్‌దేవ్‌రా అనే రెండు చోట్ల బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పిల్లలను ఇప్పుడు మనుషులే సాకుతున్నారు. 2019లో ఎడారి నుంచి గుడ్లు తెచ్చి యంత్రాల్లో పొదిగించడంతో మొదలైన పని ఇది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా కూడా ఒక పిల్ల పుట్టింది. ఈ కేంద్రాల్లో పక్షుల సంఖ్య 60 దాటింది. బయట స్వేచ్ఛగా తిరిగేవి దేశమంతా కలిపి 150 ఉంటాయని అంచనా. వాటిలోనూ చాలా భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఈ పక్షి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. అదీ గూడు కట్టకుండా, కటిక నేల మీద. నక్కలూ ఊరకుక్కలూ తిరిగే చోట ఆ ఒక్కటీ దక్కడం కష్టం. అందుకే కేంద్రాల్లో పొదిగించడం తప్పనిసరి అయింది. ఆ పని చేస్తున్న శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి. నా దిగులంతా ఆ తర్వాతి సంగతి గురించే. పెరిగిన పిల్లలను వదలడానికి నేల ఏదీ?

ముందు తీగల సంగతి చూద్దాం. మగ పక్షి 15 కిలోల దాకా తూగుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో చుట్టుపక్కల బాగా కనబడుతుంది కానీ సూటిగా ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. హైటెన్షన్ తీగ కంటపడేసరికే బాగా దగ్గరికొచ్చేసి ఉంటుంది. అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. షాక్ కొట్టాల్సిన పని కూడా లేదు, గుద్దుకున్న దెబ్బకే చచ్చిపోతుంది. థార్‌లో సౌర, పవన విద్యుత్ ప్లాంట్లు పెరిగేకొద్దీ ఆకాశంలో ఈ తీగలూ పెరిగాయి.

వన్యప్రాణి సంరక్షకుడు ఎం.కె. రంజిత్‌సింగ్ వేసిన పిటిషన్‌పై 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగలను భూమి లోపల వేయాలని ఆదేశించింది. ఆ ఆదేశం పరిధి దాదాపు లక్ష చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదని కేంద్రం వాదించడంతో 2024 మార్చిలో కోర్టు దాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. కేంద్రం వాదనలో నిజం లేకపోలేదు. సోలార్ కరెంటు మనకు కావాలి. కానీ పక్షులు రోజూ ఎగిరే దారులు ఏవో శాస్త్రవేత్తలకు తెలుసు. కనీసం ఆ దారుల్లోనైనా తీగలు నేల కిందికి వెళ్లాలి, కుదరకపోతే వేరే వైపు మళ్లాలి. పక్షులకు కనబడాలని తీగలకు మెరిసే బిళ్లలు తగిలించి పని అయిపోయిందనుకోవడం ఈ పక్షి విషయంలో పనికిరాదు. ఇంత తక్కువ సంఖ్యలో మిగిలినప్పుడు ఏడాదికి నాలుగైదు చచ్చిపోయినా తట్టుకోలేదు.

ఇక నేల సంగతి. దీనికి రాజస్థాన్ దాకా వెళ్లక్కర్లేదు, మన రోళ్లపాడు చాలు. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో 1988లో 614 హెక్టార్లను ఈ పిట్ట కోసమే అభయారణ్యం చేశారు. 614 హెక్టార్లంటే ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బట్టమేక పిట్ట ఎక్కడెక్కడో తిరిగి మేసే జీవి. అది నిజంగా బతికింది కంచె లోపలి గడ్డి మీద మాత్రమే కాదు, చుట్టూ ఉన్న మెట్ట చేల మీద కూడా. జొన్న, కొర్ర చేలల్లో మిడతలను, పురుగులను ఏరుకుని తినేది. అలగనూరు జలాశయం, కాలువలు వచ్చాక ఆ చేల తీరే మారిపోయింది. నీళ్లు వస్తే రైతు లాభం వచ్చే పంట వేసుకుంటాడు, అందులో తప్పేముంది? మరోపక్క అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి పొలాల మీద పడ్డాయి. పంట పోయిన రైతు కోపం అభయారణ్యం మీదికి మళ్లింది. ఏ పాపం ఎరగని పిట్ట మధ్యలో నలిగిపోయింది. ఇప్పుడక్కడ జింకలున్నాయి, బట్టమేక పిట్ట లేదు.

రెవెన్యూ రికార్డుల్లో గడ్డి నేలలు ఎక్కువగా బంజరు కిందే ఉంటాయి. ఖాళీగా ఉందనిపించిన చోటల్లా సోలార్ పార్కు పెడతారు, లేదంటే మొక్కలు నాటేస్తారు. మంచి పనేననుకుని చేసే ఆ మొక్కల పెంపకం కూడా ఈ పిట్టను తరిమేస్తుంది. దానికి దూరం దాకా కనబడే బయలు కావాలి. కడప జిల్లాలోని మరో అరుదైన పక్షి కలివి కోడికైతే చిట్టడవి కావాలి. 1900 తర్వాత కనబడని ఆ పక్షి 1986లో స్థానిక వేటగాడు ఐతన్న చేతికి చిక్కడంతోనే ఇంకా బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. దాని కోసం తెలుగు గంగ కాలువ దారినే మార్చారు. ఇంజినీర్లు, అటవీ అధికారులు, పక్షి శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుంటే దారి దొరుకుతుందని మన రాష్ట్రంలోనే రుజువైంది.

రోళ్లపాడులో మళ్లీ ఈ పిట్టలను వదలాలనుకుంటే కంచె లోపల చేసే పని కంటే బయట చేయాల్సిందే ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్లలో జొన్న, కొర్ర వేసి పురుగుమందు తగ్గించిన రైతుకు ఎకరాకు ఇంత అని ఏటా ఇవ్వాలి. జింకలు మేసిన పంటకు పరిహారం అదే సీజన్‌లో ఖాతాలో పడాలి. ఊరకుక్కల సంఖ్యను అదుపు చేయాలి, కొత్త తీగలు రాకుండా ఇప్పుడే ఆంక్ష పెట్టాలి. రాజస్థాన్‌లో పిల్లలు పెరిగాక చూద్దాంలే అనుకుంటే కుదరదు. చెడిన గడ్డి నేల తేరుకోవడానికే కొన్ని వానాకాలాలు పడుతుంది.