గడ్డిమోపు దగ్గరే ఆగిపోయే వ్యాసాలు

హైదరాబాదు, బాగ్‌లింగంపల్లిలో ఒక హాలు, సాయంత్రం. పురుగుమందుల ప్రమాదాన్ని పర్యావరణ రచనలు ఏ భాషలో చెప్పాలన్నది చర్చ. ఒకరు డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకురాలు. మరొకరు చేవెళ్ల ప్రాంతంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన వ్యవసాయ అధికారి.

అధికారి: మేడమ్, ఆదివారం అనుబంధాల్లో కూరగాయల మీద వచ్చే వ్యాసాలను గమనించండి. అవి ‘పళ్లెంలో విషం’ అని మొదలై ‘నేలంతా విషమైపోయింది’ అని ముగుస్తాయి. విషం చేసిందెవరో ఆ వాక్యం చెప్పదు గనుక, పాఠకుడు తన కంటికి ఆనే మనిషినే, అంటే బోయినపల్లి మార్కెట్‌కు వంకాయలు తెచ్చే రైతునే, దోషిగా నిలబెడతాడు. మందు తయారుచేసినవారు, అనుమతి ఇచ్చినవారు, అరువు మీద అంటగట్టిన దుకాణదారు ఆ వాక్యంలో ఎక్కడా ఉండరు.

అధ్యాపకురాలు: దోషిని వెంటనే చూపకపోవడం ఒక పద్ధతి కూడా కావచ్చు సార్. అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ పురుగుమందుల మీద 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం ఒక పేరులేని ఊరితో మొదలవుతుంది. అక్కడ పక్షుల కూత వినిపించదు, ఆపిల్ చెట్లు పూస్తాయి గాని తేనెటీగలు రావు, చూరు కాలువల్లో తెల్లని పొడి ఇంకా అక్కడక్కడ కనిపిస్తూ ఉంటుంది. ఇది మంత్రమూ కాదు, శత్రువుల పనీ కాదు, మనుషులే చేసుకున్నదని చివర తేలుతుంది. అచ్చంగా ఇలాంటి ఊరు లేదనీ, ఇందులోని ప్రతి అనర్థమూ ఎక్కడో ఒకచోట జరిగినదేననీ ఆ వెంటనే ఆమే చెబుతారు.

అధికారి: ‘మనుషులే’ అంటే ఏ మనుషులండీ? మళ్లీ అదే దాపరికం కదా!

అధ్యాపకురాలు: ఆ కథలో దాపరికమే, ఒప్పుకుంటాను. పుస్తకంలో మాత్రం కాదు. అగ్నిచీమలను నిర్మూలిస్తామని విషం చల్లించిన అమెరికా వ్యవసాయ శాఖను ఆమె పేరుపెట్టి నిలదీశారు. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ సంగతే తీసుకోండి. దోమను పోలిన ఒక చిన్న కీటకం కోసం ఆ సరస్సులో డీడీడీ అనే, డీడీటీని పోలిన పురుగుమందు కలిపారు. నీటిలో అది పది లక్షల పాళ్లకు 0.02 పాళ్లు మాత్రమే. ప్లవకాల్లో, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల్లో, సుమారు 5 పాళ్లు. చచ్చిపోయిన గ్రీబ్ అనే నీటిపక్షుల కొవ్వులో 1,600 పాళ్లు. పెద్ద మాంసాహార జీవి చిన్నదాన్ని, చిన్నది శాకాహార జీవిని, శాకాహార జీవి ప్లవకాన్ని తినగా, ఆ ప్లవకం నీటిలోని విషాన్ని పీల్చుకున్నదని ఆమె వాక్యం మన ఏడుచేపల కథలాగా ఒక్కొక్క కారణాన్నీ వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. అందులో ఆర్భాటపు మాట ఒక్కటీ లేదు.

(ఆ సాయంత్రం విన్నవాటిలో గట్టి మాట ఇదేనని నాకు అనిపించింది. అయితే దాన్ని వాడుకున్నది అవతలి పక్షం.)

అధికారి: బాగుంది. ఏడుచేపల కథ చీమ దాకా వెళ్లి, ఎందుకు కుట్టావని దాన్నీ అడుగుతుంది. మన వ్యాసాలు గడ్డిమోపును తిట్టి అక్కడే ఆగిపోతున్నాయి. ఆమె మొదటి అధ్యాయాన్ని అనుకరించినవారు తక్కిన పుస్తకాన్ని వదిలేశారని నా ఫిర్యాదు.

అధ్యాపకురాలు: మరి మీ శాఖల భాష మాటేమిటి? పురుగుమందు డబ్బా మీద త్రికోణం ఎరుపైతే అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. శాకాహారపు పొట్లం మీద ఆకుపచ్చ చుక్కను చూసి నిశ్చింతగా కొనే దేశంలో, ఆకుపచ్చ త్రికోణం కూడా విషానికే గుర్తు అని రైతుకు ఎలా తడుతుంది?

అధికారి: తట్టదు. ఆ డబ్బా మూత తీసి, తొడుగులు లేని చేతులతోనే మందు కలిపినవారిని నేను చూశాను. లోపలి కరపత్రంలో జాగ్రత్తలన్నీ ఉంటాయి, భూతద్దం ఉంటే చదువుకోవచ్చు.

అధ్యాపకురాలు: చూశారా, భయం పూర్తిగా తీసేసిన భాష ఫలితం అది.

అధికారి: భయపెట్టండి, వద్దనను. చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఏ మందుకు ఎన్ని రోజులు ఆగాలో కూడా అదే వ్యాసంలో రాయండి.

అధ్యాపకురాలు: ఆదివారం పూట అంకెలు ఎవరు చదువుతారు సార్?

అధికారి: 1,600 అని మీరు ఇందాక చదివితే ఈ హాలంతా విన్నది కదా మేడమ్.