పట్టుకుని కట్టేయడం కమ్యూనిటీ పోలీసింగ్ కాదు

చలికాలం వచ్చిందంటే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం మెసేజ్ తిరుగుతుంది. మాటలు అటూఇటుగా ఇవే: "దొంగల ముఠాలు దిగినయ్. వందల మందితో గ్రూపు పెట్టుకోండి. కొత్త మొఖం కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి. కర్రలతో గస్తీ తిరగండి. దొరికినోన్ని స్తంభానికి కట్టేసి తర్వాతనే పోలీసులకు చెప్పండి. చట్టమే మనకు హక్కు ఇచ్చింది. సీసీ కెమెరాలుంటే సాక్ష్యం అదే దొరుకుతది. కమ్యూనిటీ పోలీసింగ్ అంటే ఇదే."

పంపేవాళ్ళ భయం నిజమైనదే. కమ్యూనిటీ పోలీసింగ్ అంటే మాత్రం పోలీసులతో కలిసి కాలనీవాళ్ళు తమ గల్లీలను కనిపెట్టుకోవడం. కానీ ఈ సలహా పాటిస్తే దొంగ తప్పించుకుంటాడు, కాలనీవాళ్ళు కేసుల్లో ఇరుక్కుంటారు.

"చట్టమే హక్కు ఇచ్చింది." సగమే నిజం. అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023. అందులోని 40వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు కూడా ఒక మనిషిని పట్టుకోవచ్చు. ఎప్పుడంటే, బెయిలు దొరకని, వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం అతని కళ్ళముందే జరిగినప్పుడు, లేదా అవతలి మనిషి పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్థుడైనప్పుడు. రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లోకి దూరుతున్నవాణ్ణి చూస్తే ఇది వర్తిస్తుంది. "అనుమానంగా తిరుగుతున్నాడు" అంటే వర్తించదు, ఎందుకంటే తిరగడం నేరం కాదు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా పోలీసులకు అప్పగించాలి, ఆరు గంటలు దాటకూడదు. కొట్టే హక్కు ఎక్కడా లేదు. కట్టేసి కొడితే కొట్టినవాళ్ళే ముద్దాయిలవుతారు. తీసిన వీడియోనే వాళ్ళమీద సాక్ష్యమవుతుంది.

"కొత్త మొఖం కనిపిస్తే ఫొటో పెట్టండి." అన్నిటికన్నా ప్రమాదం ఇదే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలంటూ ఇలాగే పుకార్లు లేచాయి. నిజామాబాద్ జిల్లాలో ఒక మనిషిని జనం కొట్టి చంపారు. మన దగ్గర కొత్త ముఖాలకు కరువేముంది? పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీలకు ఒడిశా కూలీలు వస్తారు. రైసు మిల్లుల్లో బీహారు హమాలీలుంటారు. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు గడపగడపకూ తిరుగుతారు. రెండేళ్ళకోసారి మేడారం జాతరకు లక్షల మంది ఈ రోడ్ల మీదుగానే పోతారు. వీళ్ళలో ఎవరి ఫొటో పెట్టినా రెండు గల్లీలు దాటేసరికి అది "దొరికిన దొంగ" అయిపోతుంది.

మనిషి ఎవరో కాదు, ఏం చేస్తున్నాడో రాయాలి. "ఎవరో డౌట్‌గ తిరుగుతున్నరు, అలర్ట్" అనే మెసేజ్ ఎవరికీ పనికిరాదు. పనికొచ్చేది ఇలా ఉంటుంది: "రాత్రి 1:20. గుడి వెనక మూడో గల్లీ. తాళం వేసిన ఇంటి గేటు ఇద్దరు దూకారు. బయట నంబరు లేని నల్ల బైకు. 100కి చెప్పాను." టైం, చోటు, జరుగుతున్న పని, బండి, పోలీసులకు చెప్పిందెవరు: ఈ అయిదూ ఉండాలి. చివరిది లేకపోతే ఎవరో ఒకరు చేసే ఉంటారులే అని చూసినవాళ్ళంతా ఊరుకుంటారు. అందుకే ముందు 100కో 112కో ఫోన్, ఆ తర్వాతే గ్రూపు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. పెట్టిన ప్రతి అలర్టుకూ ముగింపు మెసేజ్ ఉండాలి: "2:05. బ్లూ కోల్ట్స్ (బైకు గస్తీ పోలీసులు) వచ్చి చూశారు. ఇంటివాళ్ళ బంధువులే. అయిపోయింది." ఇది పెట్టకపోతే పాత అలర్టు మర్నాడు ఇంకో కాలనీలో కొత్త వార్తగా లేస్తుంది.

"వందల మందితో గ్రూపు పెట్టుకోండి." మూడు వందల మంది ఉన్న గ్రూపులో అందరికీ అందరూ తెలియరు. అద్దెకుండి ఖాళీ చేసిపోయినవాళ్ళు, ప్లాటు అమ్ముకున్నవాళ్ళు కూడా అందులోనే ఉంటారు. అలాంటిచోట "మేం నాలుగు రోజులు మేడారం పోతున్నాం, ఇల్లు చూడండి" అని పెట్టడమంటే తాళం వేసిన సంగతి చాటింపు వేయడమే. ఆ మాట పక్కింటికి, ఠాణాకు చెబితే చాలు.

నిలిచే ఏర్పాటు చిన్నగా ఉంటుంది. ఒక గల్లీకి ఇరవై, ముప్పై ఇళ్ళు, బాధ్యులు ఇద్దరు. ఒకరు ఊళ్ళో లేకపోతే ఇంకొకరుంటారు. వాళ్ళ దగ్గర కాగితం నోటుబుక్కు ఒకటి: ఇంటి నంబరు, రాత్రి ఎత్తే ఫోను, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళెవరు. ఇష్టపడ్డవాళ్ళ వివరాలే రాయాలి, దాన్ని ఫొటో తీసి తిప్పకూడదు. గల్లీ బాధ్యులంతా కలిసి కాలనీ గ్రూపు. కాలనీకొకరు చొప్పున ఠాణా సిబ్బందితో ఇంకో గ్రూపు. కళ్ళతో చూసినదే కింది నుంచి పైకి పోవాలి, ఫార్వర్డులు ఏ మెట్టులోనూ పెట్టకూడదు.

మొదట మీ గల్లీ ఏ ఠాణా కిందికి వస్తుందో కనుక్కోండి. పక్కపక్క కాలనీలు రెండు ఠాణాల కింద ఉండొచ్చు. దొంగలు వాడుకునేది ఆ సరిహద్దునే: నాలా గట్టు, రైలు పట్టాల పక్క బాట, ఖాళీ ప్లాట్లు. అందుకని సరిహద్దు గల్లీ బాధ్యులు అటువైపు కాలనీ బాధ్యుల నంబరు కూడా ఉంచుకోవాలి. నెలకోసారి రెండు కాలనీలవాళ్ళు ఒక గంట ఎదురెదురుగా కూర్చుంటే, గ్రూపులో ఏడాది రాసుకున్నదానికంటే ఎక్కువ పని అవుతుంది.

"కర్రలతో గస్తీ." చేతిలో కర్ర ఉంటే ముందు కర్రే లేస్తుంది. కావలసినవి టార్చి, విజిల్, మెరిసే జాకెట్. ఇద్దరిద్దరుగా, రెండేసి గంటల వంతులు. ఎవరు ఏ రాత్రి తిరుగుతున్నారో ఆ జాబితా ముందే ఠాణాలో ఇవ్వాలి. లేకపోతే పెట్రోలింగ్ వాళ్ళు ఆపేది మిమ్మల్నే. తాగినవాణ్ణి వంతులోకి రానివ్వొద్దు. దొంగ కనబడితే విజిల్ వేసి, లైట్లు వేయించి, దూరంగా ఉండి ఎటు పోయాడో చూడండి. పారిపోయినవాణ్ణి తర్వాత పట్టుకోవచ్చు, కత్తిపోటుకు మందు లేదు.

"సీసీ కెమెరాలుంటే సాక్ష్యం దొరుకుతది." లెక్క చేసి చూడండి. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు సుమారు 173 జీబీ. చాలాచోట్ల వేసే 1 టీబీ హార్డ్ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. దసరాకు ఊరెళ్ళి పదో రోజున వచ్చి చూసుకునేసరికి మొదటి రాత్రి రికార్డింగు మీద కొత్తది పడిపోయి ఉంటుంది. నెల నిలవాలంటే 6 టీబీ కావాలి.

లెన్సు సంగతీ అంతే. 2.8 ఎంఎం లెన్సు గల్లీ మొత్తం చూపిస్తుంది కానీ, ముఖం గుర్తుపట్టేలా వచ్చేది సుమారు మూడు మీటర్ల లోపే. గల్లీ మొగదల, అందరూ దాటక తప్పని ఇరుకు దగ్గర 6 ఎంఎం లెన్సు ఒకటి పెడితే ఏడు మీటర్ల దాకా ముఖం తెలుస్తుంది. వైర్లను పైపులో వేయకపోతే కోతులు పీకేస్తాయి. లెన్సు మీద సాలెగూడు పడితే రాత్రంతా తెల్లగా కనిపిస్తుంది. కరెంటు పోతే పనిచేయడానికి, రికార్డింగు దాచే పెట్టె అయిన డీవీఆర్‌కూ కెమెరాలకూ ఇన్వర్టరు లైను ఉండాలి.

అసలు దెబ్బ గడియారం దగ్గర తగులుతుంది. నెట్ లేని డీవీఆర్ టైం మెల్లగా తప్పిపోతుంది. ఒక బండి మూడు కాలనీలు దాటితే, మూడు డీవీఆర్‌ల టైం మూడు రకాలుగా ఉంటే, ఏది ముందో ఏది వెనకో తేల్చలేరు. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్ని కాలనీలూ ఫోన్ టైంతో సరిచూసుకోవాలి. నేరం జరిగాక మాత్రం టైం మార్చొద్దు. తేడా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి పోలీసులకు ఇవ్వండి.

టీవీ తెర మీద ఆడుతున్నదాన్ని ఫోన్‌తో తీసి పంపడం కోర్టుకు సరిపోదు. అసలు ఫైలునే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అవసరం. అందులో ఒక భాగం డీవీఆర్ చూసుకునేవాళ్ళు, ఇంకో భాగం నిపుణులు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, కంప్యూటరు లెక్కగట్టే గుర్తు) కూడా రాయాలి. కాబట్టి డీవీఆర్ పాస్‌వర్డు, బాధ్యత ఒక్క మనిషి పేరున ముందే రాసి ఉంచుకోండి.

మొదట చెప్పిన ఆ దొంగల ముఠాల మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే అక్కడే లొల్లి పెట్టుకోవద్దు. అడ్మిన్‌కు దాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలుంది. తీసేసి, పెట్టినవాళ్ళకు విడిగా ఫోన్ చేసి, అలర్టులో రాయవలసిన ఆ అయిదు సంగతులూ చెప్పండి.